పిల్లికూన ఎంచుకున్న మూల

ఆమె ఒక చిన్నపిల్లల బడిలో ఆయా. చెడ్డీ తడుపుకునే పిల్లలకి ముందుగా చెప్పడం నేర్పే పూచీ పద్దెనిమిదేళ్ళుగా ఆమెదే. ఆమె చేతిలో పడ్డ ఏ పిల్లయినా నెల తిరిగేసరికి దారికొచ్చేది.

చెల్లెలు పోయిన నాలుగో రోజున ఆమె మళ్ళీ బడికి వెళ్ళింది. మూడు రోజుల జ్వరం, దాంట్లో రెండు రోజులు ఆసుపత్రి, అంతే. "గుండె రాయి చేసుకుంది పాపం" అనుకున్నారు టీచర్లు. ఆమె చేసుకున్నదేమీ లేదు. ఏడుపు రాలేదు. పిల్లల ముక్కులు తుడిచింది, వాళ్ళ డబ్బాల మూతలు తీసింది, ఇంటికొచ్చి గిన్నెలు తోమింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆసుపత్రి నుంచి తెచ్చిన చెల్లెలి సంచీ అలమర పక్క మూలలో, పడేసిన చోటే ఉంది. భర్త కూడా దాని జోలికి వెళ్ళలేదు.

రెండు వారాలకి మరిది, చెల్లెలి మొగుడు, వచ్చాడు. ఒక చేతిలో మూత ఉన్న బుట్ట, రెండో చేతిలో ప్లాస్టిక్ టబ్బు, చంకలో ఇసుక సంచీ. బుట్టలో గుప్పెడంత పిల్లికూన ఉంది.

"పోయే ముందు వారమే తెచ్చుకుంది వదినా. నాదేమో లిఫ్టులు బాగుచేసే పని. ఎవరెక్కడ ఇరుక్కున్నా పరిగెత్తాలి. ఇంటికొస్తే ఇదొక్కటే అరుస్తూ ఉంటుంది. నావల్ల కావట్లేదు."

"పేరేంటి?"

"పెట్టలేదు. తొందరేముంది, దాని గుణం తెలియనీ అంది."

"ఇసుకలో పోవడం వచ్చా?"

"సగం వచ్చు. నేర్పుతూ ఉండేది."

"సరే, అక్కడ పెట్టు" అంది ఆమె. అతను మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె టబ్బులో ఇసుక పోసి, స్నానాలగదిలో బట్టలుతికే మిషను పక్కన పెట్టింది. పాలు తాగించగానే కూనని ఇసుకలో దింపి, దాని ముందుకాలు పట్టుకుని మెల్లగా గీకించింది. బళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టినట్టే పక్కనే కూర్చుంది. కూన ఆమె మొహంలోకి చూసి, ఒక్క గెంతు గెంతి చెప్పుల స్టాండు వెనక్కి పోయి, అక్కడ కానిచ్చింది. మర్నాడు గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టామీద. ఆ మర్నాడు భర్త చొక్కామీద.

ఆయన అచ్చాఫీసులో తప్పులు దిద్దే మనిషి. నోరు ఊరుకోదు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట. ఊరి పిల్లలందర్నీ దారికి తెచ్చావు, దీనికి లొంగిపోయావా?" అన్నాడు.

మామూలుగా అయితే ఆమె ఊరుకునేది కాదు. ఇప్పుడు చొక్కా తీసుకుని నీళ్ళలో నానేసింది, అంతే. ఆయన పేపరు మడతపెట్టి అవతలికి వెళ్ళాడు.

ఆరో రోజు సాయంత్రం కూన అలమర పక్కకి వెళ్ళింది. ఆమె చూసేసరికే చెల్లెలి సంచీ తడిసి ఉంది.

ఇంక తెరవక తప్పలేదు. రెండు నైటీలు, తువ్వాలు, స్వెట్టరు, దువ్వెన, సగం మిగిలిన బిస్కెట్ల పొట్లం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలున్నాయి. ఆమె దువ్వెనని పైన అరలో పెట్టింది. బిస్కెట్లు మెత్తబడ్డాయి. పారేసింది. బట్టలు మిషన్లో వేసి మీట నొక్కింది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి చూసింది. ఏమీ అనిపించలేదు.

ఈలోగా కూన దానంతటదే వచ్చి ఇసుకలోకి దిగింది. గుండ్రంగా తిరిగి, గొయ్యి తవ్వి, తోక ఎత్తి కూర్చోబోయింది. సరిగ్గా అప్పుడే మిషను బట్టలు పిండడం మొదలుపెట్టి గడగడలాడింది. కూన బొచ్చు ముళ్ళలా నిక్కబొడుచుకుని, ఇసుక చిమ్ముకుంటూ పారిపోయింది.

ఆమె మిషను ఆపేసింది. బడి తువ్వాళ్ళు ఇంటికి తెచ్చి రోజూ సాయంత్రం ఉతికేది ఆమే. కూనకి పాలు పట్టేదీ ఆ వేళకే. బళ్ళో నీళ్ళ చప్పుడుకి హడలిపోయే పిల్లలుంటారు. వాళ్ళని చూడగానే కనిపెట్టేది. ఇక్కడ ఆరు రోజులైనా తట్టలేదు. బుర్ర పనిచెయ్యడం లేదన్నమాట అనుకుంది, పక్కింటామెకి ఒంట్లో బాలేదని ఎవరో చెబితే విన్నట్టుగా.

టబ్బు తీసుకెళ్ళి అలమర పక్కన, సంచీ ఉన్న చోట పెట్టింది. దూరంగా మంచం మీద కూర్చుంది. చాలాసేపటికి కూన వచ్చింది. వాసన చూసింది, దిగింది, పని కానిచ్చి, నాలుగువైపుల నుంచీ ఇసుక లాగి కప్పెట్టింది.

ఆమె మరిదికి ఫోన్ చేసింది. "ఇసుకలో పోయింది."

"కప్పెట్టిందా?"

"కప్పెట్టింది."

"మా ఇంట్లో కప్పెట్టేది కాదు. మీ చెల్లెలే వెళ్ళి కప్పేది." ఆ వెంటనే, "ఆదివారం రానా వదినా?" అన్నాడు.

"రా. చెల్లి బట్టలు ఉతికి పెట్టాను, తీసుకెళ్దువుగాని."

ఆదివారం అతను వచ్చి అలమర ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. భర్త తలుపు దగ్గర నిలబడ్డాడు. ముగ్గురు పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి చూస్తుండగా కూన ఏ మొహమాటమూ లేకుండా ఇసుకలోకి దిగింది. కప్పెట్టాక ఒకసారి వాసన చూసి, నచ్చలేదేమో, ఇంకో నాలుగు గీకులు గీకింది. మరిది నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి జారిపోయింది. భర్త వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

ఆమె మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది. తనకీ ఏడుపు వస్తుందేమోనని ఒక క్షణం చూసుకుంది. రాలేదు. గరిటెతో ఇసుకలోంచి ఉండల్ని ఏరి, కవర్లో వేసి ముడేసి, మెట్లు దిగి చెత్తకుండీలో పడేసింది. కింద గాలి కొంచెం చల్లగా ఉంది. అక్కడే కాసేపు నిలబడి, పైకెళ్ళి చేతులు కడుక్కుంది.