అరెకరం

బ్రిటన్ హాంకాంగ్‌ను చైనాకు అప్పగించిన సాయంత్రం ఒమన్‌లోని ఇబ్రిలో డ్యూటీ దిగి, మెస్‌లో టీవీ ముందు కూర్చున్నాం. పక్కన నా బామ్మర్ది గంగారాం. రెండేళ్లుగా అతనితో నాకు మాటల్లేవు. నా భార్య లస్మవ్వ పుట్టింట్లో ఉండగా జ్వరం ముదిరింది. వాళ్లు ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఆమె చనిపోయింది. పిల్లలు లేకుండా ఆడబిడ్డ పోతే, పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి పుట్టింటికి తిరిగి ఇవ్వడం మా దగ్గర ఆచారం. లస్మవ్వకు అట్లా వచ్చిన అరెకరం నేను తిరిగి ఇవ్వలేదు.

టీవీలో బ్రిటన్ జెండా దిగింది. చైనా జెండా ఇంకా ఎక్కలేదు. కొన్ని క్షణాలు జెండా కొయ్యలు ఖాళీగా నిలబడ్డాయి. లక్షల మంది ఉన్న ఊరు ఆ కాసేపు ఎవరిదీ కాదు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టుకోలేదు.

చైనా జెండా పైకి పోయాక వంట చేసే ముత్తెన్న నోరు విప్పాడు.

"గంత పట్నమే వాపస్ ఇచ్చిండ్రు. నువ్వు అరెకరం ఇడువవైతివి, పోశెట్టన్నా!"

అందరూ నవ్వారు. గంగారాం తల దించుకున్నాడు.

"కాయితాలు రాయించుకో. సంతకం పెడ్త," అన్నాను అతనితో.

"బావా..." అంటూ నా చెయ్యి పట్టుకోబోయాడు.

"భూమి ఇస్తున్న. గంతే."

చెయ్యి వెనక్కి తీసుకుని టీవీ వైపు తిరిగాను. ఇచ్చినవాళ్లు ఓడ ఎక్కి వెళ్లిపోతున్నారు. అంత పెద్ద ఊరు వాళ్ల వెనక వెలుగుతూనే ఉంది.