ముందే చెప్పిన ఐబు

రూప్లాది ఎడ్ల బేరం. తుంగతుర్తి దగ్గర తండా. సూర్యాపేట అంగట్ల ఎద్దును పట్టిచ్చేటప్పుడు దాని ఐబు, అంటే దానికున్న లోపం, ముందే చెప్తడు. కాడి కింద పండుకుంటదంటే పండుకుంటదనే చెప్తడు. దాచి అమ్మితే కొన్నోడు మళ్లీ తోలుకొస్తడు, పదిమందిల ఇజ్జత్ పోతది.

ఆ ఏడు బిడ్డ ద్వాళి పదో తరగతి గట్టెక్కింది. విన్న పాఠం విన్నట్టే అప్పజెప్తది. పుస్తకం చేతికిస్తే మాత్రం అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కుతయంటది. దవాఖానల డాక్టరమ్మ చాలాసేపు సూసింది.

"తెలివికేం తక్కువ లేదు. చదవడంలనే లోపం. డిస్‌లెక్సియా అంటరు. కాలేజీల ముందే చెప్పుకోండ్రి, పరీక్షకు ఎక్కువ టైము అడగొచ్చు" అన్నది.

కాలేజీల సీటు కోసం కోదాడ పోతుంటె బస్సుల ద్వాళి మెల్లగ అన్నది.

"బాపూ, జర ఆ మాట చెప్పకు."

"చెప్పకుంటె ఎట్లనే?"

ప్రిన్సిపాల్ మార్కులు సూసిండు. సీటు ఉందన్నడు. అప్పుడు రూప్లా భుజం మీది తువ్వాల తీసి చంకల పెట్టుకున్నడు.

"సార్, పిల్లకు ఒక ఐబు ఉన్నది" అని మొదలుపెట్టి అంతా చెప్పిండు. "అంగట్ల ఎద్దుకైనా ముందే చెప్త సార్. గట్లనే మీకు చెప్తున్న."

"అయితే పళ్లు కూడా చూడమంటావా ఏంటి?" అన్నడు ప్రిన్సిపాల్.

పక్క బల్ల కాడి గుమాస్తా పకపకా నవ్విండు.

"పళ్లు మంచిగనే ఉన్నయ్ సార్" అన్నడు రూప్లా.

ద్వాళి కిటికీ దిక్కు సూసింది. బయట ఎవరో సైకిల్‌కు గాలి కొడుతున్నరు.

"మా రిజల్ట్ పోద్ది పెద్దాయనా. ఇట్టాంటి పిల్లకి ఇంటరెందుకు? కుట్టుమిషన్ నేర్పించు."

రూప్లా మార్కుల కాగితం మడిచి తీసుకొని, బిడ్డతోని బయటికొచ్చిండు.

వారం తర్వాత మిర్యాలగూడ పోయిండ్రు. అక్కడి కాలేజీ గేటు కాడ ద్వాళి ఆగింది.

"ఈసారి నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడుత."

లోపల ముసలి సారు ఒకాయన కండ్లద్దాలు తుడుచుకుంట అడిగిండు.

"చదువుల ఏమన్న ఇబ్బంది ఉన్నదా బిడ్డా? ఉంటే ఇప్పుడే చెప్పు."

ఆయన నవ్వుతలేడు. మంచిగనే అడిగిండు. రూప్లా బిడ్డ దిక్కు సూసిండు. ద్వాళి బల్ల మీద చేతులు పెట్టింది.

"లేదు సార్."

సీటు ఇచ్చిండ్రు.

బస్టాండుల మిర్చీబజ్జీలు కొన్నడు రూప్లా. కాగితం మధ్యల పెట్టుకొని తిన్నరు. కారం ఉన్నదో లేదో ద్వాళికి తెల్వలేదు.

"మరి పరీక్షకు టైము ఎప్పుడు అడుగుదాం?" అన్నడు.

"ఇగ అడగలేం బాపూ. ఏం లేదన్న గద."

"మరెట్ల?"

"అందరికిచ్చినంతనే ఇస్తరు."

రూప్లా చేతులు తువ్వాలకు తుడుచుకున్నడు. సూర్యాపేట బస్సు వచ్చింది. జనం ఎగబడ్డరు. ద్వాళి ముందు ఎక్కి, ఆయనకు కూడ జాగ పట్టింది.