అంచు ముక్క

బడి ఆఖరి రోజు. పిజ్జా పళ్ళేలకి మాడి అంటుకున్న చీజును గీకుతున్నాను. తలకి వల, చేతులకి రబ్బరు తొడుగులు, ఒంటికి ఏళ్ళ తరబడి వదలని టమాటా వాసన. మా ఊళ్ళో వలలు వాడేది రెండు చోట్లే: ఊరి ఒడ్డునున్న ఈరీ సరస్సులో చేపల మీద, హైస్కూలు వంటగదిలో ఆడవాళ్ళ మీద. చేపల్ని కనీసం తూకం వేసి చూస్తారు.

పళ్ళేలు అందించే కిటికీలోంచి మిసెస్ హోబర్ట్ తొంగి చూసింది. పిల్లలకి ఏం చదవాలో, ఎక్కడికి వెళ్ళాలో దారి చెప్పే కౌన్సెలర్ ఆవిడ. కాఫీ కోసం వచ్చింది. పోసిచ్చాను.

"మీ జోసీ సంగతి నాకింకా బాధగానే ఉంది రోండా," అంది కప్పు అందుకుంటూ. "అయినా పిల్లకే ఇష్టం లేనప్పుడు మనం బలవంతం చేస్తామా."

"ఏది ఇష్టం లేదంది?"

"అదే, సరస్సు చదువు. సీటొచ్చింది కదా. పోయిన వారమే వద్దని చెప్పేసిందిగా." నా మొహం చూసి ఆగింది. "మీకు తెలుసనుకున్నానే."

నాకు తెలియదు. ఏ పళ్ళెంలో ఎంత మాడిందో చూడకుండా చెప్పగలను. సొంత ఇంట్లో ఏం మాడిందో వాసనైనా తగల్లేదు.

సరస్సు చదువంటే, మాకు దగ్గర్లో ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు హైస్కూలు పిల్లలకి వేసవిలో నాలుగు వారాలు చెప్పే పాఠాలు. పొద్దున పడవెక్కించి సరస్సు నీళ్ళు పట్టిస్తారు. మధ్యాహ్నం ఆ నీళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ పచ్చనాచు ఎందుకు ఇంతలా పెరుగుతోందో పిల్లల చేతే లెక్క కట్టిస్తారు. పళ్ళ డాక్టరుగారి అమ్మాయి ఏదో గొప్ప పేరున్న చోటికి ఇలాంటి వేసవి చదువుకే వెళుతుంది. దాని ఖరీదు పెడితే మా పాత వ్యాను లాంటిది ఇంకోటి వస్తుంది. ఇక్కడ ఫీజు ఒక జత బూట్లంత. మధ్యాహ్నం భోజనం వాళ్ళదే. మాలాంటి ఇళ్ళ పిల్లల కోసమే పెట్టారు. ఒక్కటే లోటు, బస్సు లేదు. పోవడానికి గంట. చదువు చవకే గాని, చదువు దాకా చేర్చే మనిషి కావాలి. ఆ మనిషి ప్రతి ఇంట్లోనూ ఊరికే దొరుకుతుందని అందరి లెక్క. నా పని ఎలాగూ ఉచితం. అదే సముచితం అని కూడా అందరికీ నమ్మకం.

"ఏమని చెప్పింది?" అన్నాను.

"'ఫర్లేదండీ, నాకంత ఇష్టం లేదులెండి, కావలసినవాళ్ళకి ఇవ్వండి' అంది. ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నారు. అంతా మీ పెంపకమే."

గీకుడు చెంచా జారి సింకులో పడింది. ఆ మాటలు నావి. అక్షరం పొల్లుపోకుండా నావి.

బ్రెడ్డు ప్యాకెట్లో మొదట ఒకటీ చివర ఒకటీ ఉంటుంది చూశారా, ఒకవైపంతా తోలులా బిరుసుగా ఉండే ముక్క. మా ఇంట్లో దాన్ని అంచు ముక్క అంటాం. పెళ్ళైన కొత్తలో మా ఆయన కర్ట్ దాన్ని పక్కకి తోస్తుంటే, "ఇటివ్వు, నాకదే ఇష్టం" అన్నాను. ప్రేమలో ఉన్న మనిషి ఎన్నో అంటుంది. తర్వాత ప్రేమ మెత్తబడింది గాని ముక్క మెత్తబడలేదు. మాడిన పాన్‌కేకు నాది, కోడిలో వీపు ముక్క నాది, వ్యానులో ఎండ కొట్టే సీటు నాది. "అమ్మకి అదే ఇష్టం" అంటూ ఇంటిల్లిపాదీ అంచు ముక్కను ప్రేమగా నా పళ్ళెంలోకి చేరవేస్తారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఉంటే హాయిగా పోట్లాడేదాన్ని. నాకు నోరు లేక కాదు. మా వీధిలో నా గొంతు వినబడని ఇల్లు లేదు. చర్చి భోజనాల్లో అందరూ నా బల్ల చుట్టూనే చేరతారు, నవ్విస్తానని. నవ్వించే ఆడదాన్ని నీకేం కావాలని ఎవరూ అడగరు. నాకు తీరిక ఉందని అందరికీ తెలుసు. కోరిక ఉందని ఎవరికీ తెలియదు, కొన్నాళ్ళకి నాకూ తెలియకుండా పోయింది. మొన్న చలికాలంలో ఒక పొద్దున జోసీ నా చేతిలోంచి అంచు ముక్క లాక్కుని, "ఇకనుంచి నాకివ్వమ్మా, నాకూ ఇదే ఇష్టం" అంది. "తల్లికి తగ్గ పిల్లవే" అని నవ్వాను. గర్వంగా నవ్వాను.

"ఇంకేం దారి లేదా?" అని మిసెస్ హోబర్ట్‌ని అడిగాను.

"ఆ సీటు ఇంకో పిల్లకి ఇచ్చేశారు. కాకపోతే సోమవారం మొదలు కదా, ఏటా ఒకరిద్దరు రాకుండా ఎగ్గొడతారు. బుధవారం దాకా చూస్తారు. అప్పుడు గుమ్మంలో ఎవరుంటే వాళ్ళకే. కానీ జోసీ ఇష్టం లేదంటోంది కదండీ."

ఇంటికి వెళుతూ వ్యానులో అడిగాను.

"సరస్సు చదువు వద్దన్నావట."

"ఆ. అంత ఇష్టం లేదులే అమ్మా." కిటికీ బయటికి చూస్తోంది.

"దరఖాస్తు రాసేటప్పుడు ఆ నాచు పేరు నిద్రలో కూడా కలవరించావే."

"అది అప్పుడు."

"ఇప్పుడేమైంది?"

"ఎవరు దింపుతారు చెప్పు. మంగళవారం, గురువారం అత్త కవల పిల్లలు మనింట్లోనే, చూసుకునేది నువ్వే. నానమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సరస్సు ఒడ్డున నానమ్మ వేసవి కాటేజీ తెరవాలి. దింపడం, మళ్ళీ తీసుకురావడం, రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే ఉంటావు. అసలే నీ కాళ్ళు వాస్తాయి." నా వైపు తిరిగి నవ్వింది. "నాకు ఫర్లేదమ్మా. నిజంగా."

ఆ నవ్వు కూడా నాదే. పదహారేళ్ళ పిల్ల నా వేసవినంతా నాకంటే శ్రద్ధగా చదివేసింది. అది చేసిన వేసవి చదువు అదీ.

ఆ శుక్రవారం సాయంత్రం మామూలుగానే మా అత్తగారు చేపల వేపుడికి వచ్చింది. మా దగ్గర అత్తగారిని పేరుతోనే పిలుస్తాం. నేను ఆవిణ్ణి లొరేన్ అని పేరు పెట్టి పిలుస్తాను, ఆవిడ నేను చేసిన ప్రతిదానికీ పేర్లు పెడుతుంది. ఆ రకంగా ఇద్దరం సమానం.

"జోసీకి సరస్సు చదువులో సీటొచ్చిందట," అన్నాను చేపలు వడ్డిస్తూ. "వద్దని చెప్పేసిందట."

"మంచిపని చేసింది," అంది లొరేన్. "నాచు చూడ్డానికి యూనివర్సిటీ దాకా పోవాలా. మా కాటేజీ రేవు కింద కావలసినంత ఉంది. సోమవారం వచ్చి గీకమను, దగ్గరుండి పాఠం నేను చెప్తా."

కర్ట్ నవ్వాడు. అతను పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వేసవంతా అతనికి ఊపిరాడదు, ఆ మాట నిజమే. "అదే వద్దంటే మనకెందుకు రచ్చ, రోండా. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడైనా ఎవరో ఒకరు దింపాలిగా."

"అప్పటికి దానికి డ్రైవింగు లైసెన్సు వస్తుంది. సోమవారం కాటేజీ సంగతి చూడు ముందు. నీకు సెలవులేగా."

నీకు సెలవులేగా. బడి వంటగది మూస్తే నా జీతం ఆగుతుంది, పని ఆగదు. ఊరందరికీ సెలవులే, నాకు సెలవిచ్చేవాళ్ళే లేరు. ఇక కాటేజీ తెరవడం అంటే తాళం తీయడం అనుకునేరు. చలికాలమంతా మూసి ఉన్న ఇంట్లో ఎలకల పెంట ఊడ్చి, సాలెగూళ్ళు దులిపి, పరుపులు ఎండలో వేసి, దుప్పట్లన్నీ ఉతికి, జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పండక్కి దిగే కర్ట్ వైపు చుట్టాలందరికీ సిద్ధం చేయడం. "సోమవారం మనం తెరుద్దాం" అంటారు అందరూ. ఆ 'మనం'లో చీపురు పట్టేది నేనూ జోసీ.

"పోయినేడు దుప్పట్లు సరిగ్గా ఆరలేదు," అంది లొరేన్. "ఈసారైనా చూసుకో. తడి వాసన."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మాట వస్తుందనుకున్నాను, జోకు వచ్చింది: "అవి తడి దుప్పట్లు కావు లొరేన్, సరస్సు చూసి కంటతడి పెట్టాయంతే." అందరూ నవ్వారు. జోసీ అందరికంటే గట్టిగా నవ్వి, ప్యాకెట్లోంచి అంచు ముక్క తీసుకుని పళ్ళెం తుడుచుకు తింది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో ఒక్కటి వెనక్కి తీసుకునే వీలుంటే, అదే తీసుకుంటాను.

సోమవారం పొద్దున కర్ట్ బూట్లు తొడుక్కుంటుంటే, "జోసీని తీసుకుని వెళుతున్నా" అన్నాను. "జాగ్రత్త, కాటేజీ మెట్టు పుచ్చిపోయింది" అన్నాడు. నేను సరిదిద్దలేదు. జోసీ కూడా పాత బట్టలు వేసుకుని, నెత్తికి గుడ్డ కట్టుకుని వ్యానెక్కింది. కూడలిలో కాటేజీకైతే కుడివైపు తిరగాలి. ఎడమవైపు తిప్పాను.

"అమ్మా, దారి తప్పావు."

"తప్పానా," అన్నాను. "చాలా ఏళ్ళైంది తప్పి."

జోసీ నెత్తి మీది గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

విశ్వవిద్యాలయం గుమ్మంలో రబ్బరు బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి జోసీ పేరు రాసుకుని, అందరూ వచ్చారో లేదో చూసి చెప్తాను, కూర్చోండి అంది. వ్యానులోనే కూర్చున్నాం. కార్లు నిలిపే ఆ మైదానం నిండా సరస్సు పక్షులు, తెల్లగా, పెత్తనం చేస్తూ. పిల్లల్ని దింపి పోయే వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తోలేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఒకావిడ స్టీరింగు మీద పళ్ళెం పెట్టుకుని గుడ్డు తింటోంది. వ్యాను ఆగినప్పుడల్లా జోసీ చూపు ఆ దిగే పిల్ల మీదే.

ఫోను మోగింది. కర్ట్.

"అమ్మ కాటేజీ గుమ్మంలో నిలబడి ఉందట. మీరెక్కడ?"

"యూనివర్సిటీలో."

అవతల ఇంజను చప్పుడు ఆగింది. "ఎందుకు?"

"జోసీ సీటు కోసం."

"అదే వద్దంది కదా. మరి కాటేజీ?"

"తాళంచెవి పూలకుండీ కింద ఉంది."

"అది కాదు రోండా, ఊడవాలి, గీడవాలి... చీపురెక్కడుంటుంది అసలు?"

"తలుపు వెనక. మన పెళ్ళి నాటి నుంచీ అక్కడే ఉంది."

"నాకు పనుంది కదా."

"నాకూ ఉంది కర్ట్," అన్నాను. గొంతు పెంచలేదు. పెంచకుండా మాట్లాడితే నా గొంతు ఇంత సన్నగా ఉంటుందని నాకే తెలియదు.

ఫోను పెట్టేసి సాండ్‌విచ్‌ల డబ్బా తెరిచాను. పొద్దున బ్రెడ్డు చాల్లేదు. ఒకటి మంచి ముక్కలతో చేశాను, ఇంకొకటి రెండు అంచు ముక్కలు కలిపి. జోసీ చేయి చూడకుండానే అంచు ముక్కల దాని మీదకి వెళ్ళింది.

"అది నాకివ్వు," అన్నాను.

"ఫర్లేదమ్మా, నాకిదే ఇష్టం."

"నాకు ఇష్టం లేదు జోసీ. ఎప్పుడూ లేదు. ఒక్కసారి కూడా."

అది నా మొహంలో జోకు కోసం వెతికింది. దొరకలేదు. చేతిలోని ముక్క వైపు చూసింది. బయట పక్షులు దేనికోసమో కొట్టుకుంటున్నాయి.

"నాకూ లేదు," అంది. తర్వాత ఇంకా చిన్నగా, "సీటు కూడా వద్దనుకోలేదమ్మా. వచ్చిందని తెలిసిన రోజు స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. సంతోషం వచ్చి. ఆ తర్వాత బయటికొచ్చి చూస్తే నువ్వు కవలల పక్కబట్టలు ఉతుకుతున్నావు."

ఉతికిన బట్టలు గుర్తున్నాయి. స్నానాల గది తలుపు మూసి ఉండటం కూడా గుర్తుంది. తట్టి, "నీ తర్వాత బక్కెట్టు ఇటివ్వు" అన్నాను ఆ రోజు. ఆ తలుపుకి అవతల నా కూతురి జీవితంలో అన్నిటికంటే మంచి రోజు జరుగుతోంది, నేను బక్కెట్టు అడిగాను.

రెండు అంచుల మధ్య నుంచి మాంసం ముక్క తీసి జోసీకిచ్చి, అంచుల్ని కిటికీలోంచి విసిరేశాను. పక్షులు ఎగబడ్డాయి. వాటికి నిజంగానే ఇష్టంలా ఉంది.

రబ్బరు బూట్ల అమ్మాయి మా వైపు వచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది.

"ఇవాళ అందరూ వచ్చేశారండీ. రేపూ ఎల్లుండీ చూస్తాం, ఆ తర్వాత ఎవరినీ పడవెక్కించం. చెప్పలేను, దొరక్కపోవచ్చు కూడా. అంత దూరం నుంచి రోజూ రావడం మీకు ఇబ్బందైతే..." అని నా వైపు చూసింది.

నా మాటలన్నీ నాలుక చివర వరస కట్టాయి. ఫర్లేదండీ. మీకెందుకు శ్రమ. కావలసినవాళ్ళకి ఇవ్వండి. ఏళ్ళ అలవాటు, తోసుకొస్తున్నాయి. పళ్ళు బిగించి కూర్చున్నాను. నోరు మూసుకొమ్మని నాకు చాలామంది చెప్పారు. నా అంతట నేను మూసుకున్నది అదే మొదలు.

జోసీ నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి అంటానని చూసింది. అనలేదు.

"నాకు కావాలి," అంది ఆ అమ్మాయితో. "రేపొస్తాను. ఎల్లుండి కూడా వస్తాను."

ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. నేను వ్యాను తిప్పాను. రేపు మంగళవారం, కవలలు వచ్చే రోజు. రోడ్డెక్కాక గుర్తొచ్చింది, కవలలకి ఒక తండ్రి కూడా ఉన్నాడు.