మంగళవారం బూట్లు

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి డల్సీ హార్‌గ్రోవ్ బూట్లు మిల్ హిల్ వీధిలోకి వచ్చాయి. ఎడమ మడమ బయటివైపు అరిగిన నల్లటి లేసుల బూట్లు. డల్సీ పోయి మూడు నెలలైంది గానీ, బూట్లు ఏ వారమూ మానలేదు. ప్రతి ఇంటి మెట్టు మీదా మూడుసార్లు తట్టి, మందులు వేసుకున్నారా, ఓటు కార్డు జాగ్రత్తగా ఉందా అన్నట్టు కాసేపు ఆగి, పక్కింటికి నడిచేవి.

"బతికున్నప్పుడూ పడుకోనివ్వలేదు, పోయాకా పడుకోనివ్వదు," అని సణుగుతూ బ్రదర్ ఏమస్ తలుపు తీశాడు. "లేచాను తల్లీ, లేచాను!"

చివరి ఇల్లు లుటీషా బాయ్‌కిన్‌ది. అక్కడ బూట్లు వసారాలో ఊగుడు కుర్చీ పక్కన చాలాసేపు ఉండేవి. లుటీషాకు ఎనభై రెండు. నిన్నటి సంగతులు నిలవడం లేదు. అందుకని అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. పొయ్యి ఆర్పాను. ఏమస్ బెండకాయలు ఇచ్చాడు. పాతవి మాత్రం రాసుకోనక్కర్లేదు.

"గుర్తుందే డల్సీ? మన నల్లవాళ్ళం ఓటుకి పేరు రాయించుకోడానికి కోర్టుకెళ్తే, ఆ తెల్ల గుమాస్తా పొద్దున్న తొమ్మిదింటికే భోజనాల వేళ అని కిటికీ మూసేవాడు. పదకొండుసార్లు తిప్పాడు. పన్నెండోసారి నువ్వు కోడి వేపుడు డబ్బా పట్టుకొచ్చి కిటికీ ముందు పరిచావు. 'తినండి బాబూ, మేం ఆగుతాం' అన్నావు!"

కుడి బూటు నేల మీద టపటపా కొట్టింది.

చర్చి వెనక హాలులో ఓటు పెట్టె పెట్టించింది డల్సీయే. అదే హాలులో బుధవారాలు చదువురానివాళ్ళకు అక్షరాలు దిద్దించింది. మంచాన పడ్డవాళ్ళకు సూపు మోసింది. వాళ్ళమ్మ జబ్బుపడితే, పక్కవీధి పిల్లాడు క్లెమన్ రడ్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివించింది, తన పాత వ్యానులోనే కాలేజీకి దింపివచ్చింది. ఇప్పుడతను కౌంటీ కమిషనర్, జిల్లా పాలన చూసే పెద్దల్లో ఒకడు.

ఆదివారం చర్చిలో డల్సీ సంస్మరణ. మాట్లాడేవాళ్ళకు తలా రెండు నిమిషాలు అని కాగితం అచ్చేశారు. మొదటి పేరు క్లెమన్‌ది.

ఆ పొద్దున్నే హాలు తలుపుకి నోటీసు కనిపించింది. ఇకమీదట ఓటింగు ఇక్కడ కాదు, పద్దెనిమిది మైళ్ళ అవతల కోర్టున్న ఊళ్ళో. ఇక్కడి పెద్దల తరఫున సంతకంతో అందిన కోరిక మీద ఈ మార్పు. ఇది వద్దంటే ఆ సంతకం చేసిన మనిషే సోమవారం మధ్యాహ్నంలోగా కోర్టుకొచ్చి స్వయంగా చెప్పుకోవాలి.

కింద సంతకం చూసి ఏమస్ గొంతు తగ్గించాడు. "లుటీషా, ఇది నీ చేతిరాతే."

నిజమే, తన రాతే. ఎప్పుడు పెట్టిందో ఆమెకు తెలియదు. చర్చిలో కూర్చున్నాక బెంచీ మీద పక్కవాళ్ళు కొంచెం ఎడంగా జరిగారు. తెల్ల చేతితొడుగులు వేసుకుని అందరికీ విసనకర్రలు పంచుతున్నావిడ లుటీషాను దాటి వెళ్ళిపోయింది.

"మిస్ డల్సీ లేకపోతే నేనే లేను," అని క్లెమన్ కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

లుటీషా వంతు వచ్చింది. చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసి, పేజీలు వెనక్కి తిప్పి తిప్పి చదివింది.

"గురువారం. క్లెమన్ వచ్చాడు. చిలగడదుంపల తీపి రొట్టె తెచ్చాడు. హాలుకి డల్సీ పేరు పెట్టడానికి సంతకం అడిగాడు. చేశాను. మంచి పిల్లాడు."

విసనకర్రలు ఆగిపోయాయి.

క్లెమన్ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పైవాళ్ళు ముందే నిర్ణయించేశారు మిస్ లుటీషా. నేను కాదంటే నన్నే తీసేసేవాళ్ళు."

"ఆ మాటే నాతో చెప్పి ఉండొచ్చుగా నాయనా?"

"చెబితే సంతకం పెట్టేవారా?" ఆ గొంతులో చిన్నప్పటి మెత్తదనం అలాగే ఉంది. "ఊరుకోండి. రేపు ఆ కిటికీ దగ్గరికి వెళ్ళినా ఎందుకొచ్చారో మీకే గుర్తుండదు."

అప్పుడు చర్చి తలుపు దగ్గర మూడుసార్లు చప్పుడైంది. మంగళవారం కాదు, అయినా బూట్లు నడవలోంచి లోపలికి వచ్చాయి. తన దగ్గరికేననుకుని క్లెమన్ పక్కకు జరిగి చోటిచ్చాడు. బూట్లు అతన్ని దాటి, లుటీషా ముందు, ముందు కొసలు గుమ్మంవైపు తిప్పుకుని ఆగాయి.

డల్సీ పాదం లుటీషా పాదంకన్నా రెండు సైజులు పెద్దది. లుటీషా తన చెప్పులు విప్పి కాళ్ళు పెట్టింది. సరిపోయాయి. ఆ రాత్రి వాటితోనే పడుకుంది.

సోమవారం లేచేసరికి, పక్కలో బూట్లెందుకు వేసుకుందో తెలియలేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఏమస్ మెట్టు మీద మూడుసార్లు తట్టాయి. అతను అప్పటికే వ్యాను బయటికి తీసి ఉన్నాడు. నోటుపుస్తకం ఆమె వంటింట్లోనే ఉండిపోయింది.

కోర్టులో కిటికీ అదే. లోపల పడుచు గుమాస్తా తలెత్తింది.

"ఏం పని మీద వచ్చారు?"

లుటీషా నోటుపుస్తకం కోసం చేతిసంచి తడుముకుంది. అది లేదు. వెనకనుంచి ఏమస్ ఏదో అనబోతే, గుమాస్తా చెయ్యి అడ్డంపెట్టింది. "ఆవిడే చెప్పాలండీ."

నోటీసు ఊసు, తీపి రొట్టె రుచి, క్లెమన్ మొహం, ఏవీ ఆమెకు అందలేదు. కాళ్ళ కింద ఎడమ మడమ బయటివైపుకి ఒరిగింది. అదే గచ్చు. అదే కిటికీ. ఎవరో ఇప్పుడే మూసేస్తారు.

ఆమె రెండు చేతులూ కిటికీ అంచు మీద పెట్టింది.

"నా పేరు ఎవరో పట్టుకుపోయి ఇక్కడ పెట్టారు తల్లీ," అంది. "నా పేరు నాకిచ్చెయ్. ఇచ్చేదాకా ఆగుతాను."