కొండ మీద గుడ్డ

మా కోడలు శ్రావ్యది రోలుగుంట. కొండలు తెలుసు గానీ సముద్రం తెల్దు దానికి. మా తారక్ గాడు ప్రేమించి తెచ్చుకుని నెల కాలేదు. నాకిష్టం లేదని ఊరందరికీ సెప్పేను, దానికీ సెప్పేను.

ఆ దినం తారక్ సేపల ఏటకెల్లేడు. ఆడు మంచిగా తిరిగి రావాలని మేవిద్దరం మా ఊరి కొండెక్కేం. దారిలో దర్గా కాడ అగరొత్తులు ఎలిగించేం. ఏ దేవుడు ఏ పూట మేలుకునుంటాడో ఎవులికి ఎరుక?

కొండ మీద గుడెనకాల కంపెనీ దొరల నాటి జెండా మేడ ఉంది. అక్కడ్నించి ఓడలకి జెండా ఊపేవోరంట. దొరలు పోయేరు, అలవాటు మాకుండిపోయింది. మేడ మీద గుడ్డ ఊపితే కొండ కింద సేపలున్నాయి, రమ్మని గుర్తు. పూర్వం మా మావ ఊపేవోడు, ఇప్పుడు నేను ఊపుతాను. సముద్రం బాగున్ననాడే.

ఆ దినం బాగులేదు. దచ్చినం ఏపు నల్లగా కమ్మేసింది. కొండ కింద మునిగున్న రాళ్ల మీద అలలు ఇరుగుతున్నాయి. గుడిలో కొబ్బరికాయ కొడితే కుళ్లిపోయుంది. పరవాలేదమ్మా అన్నాడు పూజారి.

బయటికొచ్చి సూద్దును గదా, శ్రావ్య మేడెక్కి ఎర్రచున్నీ ఊపుతోంది. మొగుడి పడవ కనబడితే ఒళ్లు తెలీలేదు దానికి.

"అత్తా, నన్ను సూసేడు. ఇటే వత్తన్నాడు" అని నవ్వింది.

"ఆపే అమ్మీ! ఊపేది నువ్వనుకుని కాదు, నేననుకుని వత్తన్నాడు. సేపలున్నాయనుకుని రాళ్ల మీదకొచ్చేత్తన్నాడు."

దాని మొకం పాలిపోయింది. ఫోను సేసింది. నీళ్లలో ఉన్నప్పుడు ఆడు ఫోను కవర్లో సుట్టి పెట్టెలో పడేత్తాడు, ఎవుడెత్తుతాడు? ఎనక్కెల్లిపో, ఎనక్కెల్లిపో అని ఏడుత్తా మళ్లీ చున్నీ ఊపింది పిచ్చిది. అది ఊపేకొద్దీ పడవ జోరుగా వచ్చింది. నేనూ మేడెక్కి, చున్నీ లాగేసి, ఎల్లిపొమ్మని సేతులూపేను. అంత దూరానికి సెయ్యయినా గుడ్డయినా ఒకటే. రమ్మనడానికి గుర్తుంది గానీ, రావద్దనడానికి మా పెద్దోళ్లు ఏదీ పెట్టలేదు.

ఎవులూ కనబడకపోతే ఆగుతాడేమోనని కూకుండిపోయి, దాన్ని కూడా కిందికి లాగేను. గోడ సందులోంచి సూసేను. తారక్ పడవ ముందు కొసకొచ్చి నిలబడ్డాడు. ఒక సేత్తో వల పట్టుకుని, రెండో సెయ్యెత్తి కొండకేసి ఊపేడు.

అమ్మ పిలిచిందని వత్తన్నాడు నా కొడుకు.