ఆచార్యులవారి సుడుల దండ

గొట్టంలోంచి దూసుకొచ్చే గాలిలో పొగ కలిపి చూస్తే మొదట అంతా గందరగోళమే. ఆ గందరగోళంలోనూ పెద్ద పెద్ద సుడులు వరసగా, అచ్చం దండ గుచ్చినట్టు పుడతాయని ఆచార్యులవారు వయసులో ఉండగా కనిపెట్టారు. అప్పటినుంచి ఆ దండ మెళ్ళో వేసుకునే తిరుగుతున్నారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి ఆ దండ మళ్ళీ దొరికితే గానీ డాక్టరేటు రాదు. ఆమె ఉండేది అక్కావాళ్ళింట్లో. "గాలికి ఫోటోలు తియ్యడం ఇంకా అవలేదా మరదలు పిల్లా?" అని బావ రోజూ అన్నం దగ్గరే అడుగుతాడు. ఆ మాటతో ఆమెకి ముద్ద దిగదు.

పద్ధతి ఆచార్యులవారిదే. వేల ఫోటోలు తియ్యాలి. వాటిలో దండని కాస్తయినా పోలినవాటిని కంప్యూటరు ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి, సగటు బొమ్మ తీస్తుంది. పోలనివి చెత్తబుట్టకి. ఈసారి వచ్చిన బొమ్మ చూసి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంత శుభ్రంగా నాకే ఎప్పుడూ రాలేదమ్మా. ఇక రాసెయ్, సంతకం పెడతాను."

ఆమె గాల్లో తేలుతూ, గొట్టంలోకి గాలి కొట్టే కంప్రెసర్ ఆపడానికి వెళ్ళింది. తీరా చూస్తే గొట్టం వాల్వు మూసే ఉంది. అసలు తెరవనే లేదు. కంప్రెసర్ రొద భరించలేక చెవులకి మూతలు పెట్టుకుందేమో, గాలి రాలేదన్న సంగతే తెలియలేదు. ఫోటోల్లో ఉన్నవి చీకట్లో కెమెరా తనంతట తాను వేసుకునే చుక్కలు. వాటిలోంచి దండకి పనికొచ్చేవి కంప్యూటరు ఏరుకుంది.

దాచుకోలేక చెప్పేసింది. ఆచార్యులవారు గడ్డం గోక్కున్నారు.

"అంటే గాలి లేకపోయినా దండ ఉంటుందన్నమాట. నేననుకున్నదానికన్నా గట్టిదే."

"ఒక్కసారి తెరిచి చూపిస్తాను సార్."

తెరిచింది. గాలి బుస్సుమంది. పొగలో నిజం సుడులు లేచాయి. ఒకటి పక్కదాన్ని మింగేసింది, ఇంకోటి పుడుతూనే చెదిరిపోయింది. ఒక్కటీ దండలో ఇమిడే రకం కాదు. ఎంత బాగున్నాయో! ఇన్నేళ్ళూ చెత్తబుట్టకి పంపింది వీటినేనని తెలిసి ఆమెకి ఏడుపొచ్చింది.

ఆచార్యులవారు మొహం చిట్లించారు. "ఆ గాలి కట్టెయ్యమ్మా. దండ పాడైపోతుంది."

సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆయనది. రాత్రికి అన్నం దగ్గర బావ ఉంటాడు.

ఆమె వాల్వు కట్టేసింది.