వెంచర్ల నిలబడ్డ ఫారిన్ సేటు

ఓ, జర దగ్గరికి జరుగుండ్రి. ఎన్కకెల్లి గుసగుసలు వెట్టేటోళ్లు నోళ్లు ముయ్యుండ్రి. ఫోన్లు జేబులెయ్యుండ్రి. ముచ్చట షురువైంది.

ఇద్రిస్ అని ఒక పిలగాడు. సూడాన్ దేశం నుంచి శేరిగూడకు ఇంజనీరింగ్ చదవనీకి వచ్చిండు. ఈడ చదువు అయిపోయే యాల్లకు ఆడ లడాయి మొదలైంది. ఇల్లు కాలె, గల్లీ కాలె, ఎన్కకు పోనీకి ఏం మిగల్లే. ఢిల్లీల అర్జీ వెట్టుకుంటే శరణార్థివని కార్డు ఇచ్చిండ్రు. చెల్లె హనాన్ గూడ పానం అరచేతుల వెట్టుకొని అన్న కాడికి వచ్చింది. హాస్టలోళ్లేమో చదువైపోయింది గద, ఐతారం లోపల ఖాళీ చెయ్యమన్నరు. అన్నాచెల్లెండ్లకు ఒక రూం గావాలె. గంతే గావాలె.

పక్కనున్న ఇబ్రహీంపట్నంల టులెట్ బోర్డు లేని ఇల్లు లేదు. కోళ్ల గూటికి సుత కట్టిండ్రు. ఇద్రిస్ అంజిలయ్య ఇంటికి పోయిండు. మీది పోర్షన్ ఖాళీగున్నది. గేటు కాడ కుర్చీల కూసున్న అంజిలయ్య అడుగుడు వెట్టిండు.

"ఏ ఊరు పిలగా?"

"ఖార్టూమ్, బాపు."

"తుక్కుగూడ దాటినంకనా?"

"శానా దాటాలె."

"ఆడ మీ పెద్దమనుషులెవరు? సర్పంచ్ నంబరుందా?"

"ఎవ్వలు లేరు బాపు. మా గల్లీనే లేదు."

అంజిలయ్య తల గోక్కున్నడు. "మరి నువ్వు లొల్లి చేస్తే నేను ఏ ఊరికొచ్చి పంచాయితి వెట్టాలె? దసరాకు ఏడికి పోతవ్? కిరాయికున్నోళ్లు పండుగకు ఊరికి పోకపోతే నేను ఇంటికి సున్నం ఎప్పుడెయ్యాలె?"

ఢిల్లీ ఆఫీసర్లు సుత గిట్ల అడగలే. ఇద్రిస్ ఇంకో గల్లీకి నడిచిండు. ఏ గల్లీకి పోయినా గదే మాట. ఊరు చెప్పు, ఊరోన్ని చూపెట్టు.

తిరిగి తిరిగి బస్సు డిపో కాడ కూలవడితే, ప్లాట్లమ్మే జైపాల్ కండ్లల్ల వడ్డడు.

"తమ్మీ, నీకు రూం నేనిప్పిస్త. రేపు మా వెంచర్ల కోటేసుకొని జెండా కాడ నిలబడు. చెర్వు దిక్కు చూసుకుంట తలకాయ ఊపు. అబద్ధాలాడనీకి మేమున్నం."

తెల్లారి ఇద్రిస్ నల్లద్దాలు వెట్టుకొని నిలబడ్డడు. "ఫారిన్ సేటు ఈ లైను ప్లాట్లన్ని కొంటనంటుండు" అని జైపాల్ మైకుల చెప్పిండు. ఇగ చూడుండ్రి. జనం ప్లాట్లు కొన్నరు, రోడ్డు కొన్నరు, పార్కు కొన్నరు. బిర్యాని గంజు కింది జాగను కార్నర్ బిట్టని కొన్నరు. ఒకాయన వెంచర్ గేటు మీది కమాను నీడ కొన్నడు. పొద్దెక్కుతుంటే ఆ నీడ జరిగి పక్కోని ప్లాట్ల వడ్డది, ఇద్దరు అంగీలు చింపుకున్నరు.

నిలబడనీకి జాగ లేనోన్ని చూసి ఇంతమంది జాగలు కొనవట్టిరి. ఇద్రిస్‌కు నవ్వొచ్చింది.

ఫ్రీ బిర్యానికని అంజిలయ్య గూడ వచ్చిండు. మూతి తుడుసుకొని సేటు ముంగట నిలబడ్డడు. గుర్తుపట్టలే.

"సేటు, మా మీది పోర్షన్ ఉంది. మీ అసొంటోళ్లకనే ఆపిన. నిన్న ఎవడో ఊరు లేనోడొస్తే వాపస్ తోలిన."

"మరి నా ఊరు అడగవా?"

"మీకు ఊరుతోని ఏం పని సేటు" అని తాళంచెయ్యి చేతుల వెట్టిండు.

ఇద్రిస్ గుప్పిట మూసిండు. ఊకుంటే రూం అయినట్టే. గని రేపటికెల్లి హనాన్ సేటు చెల్లె లెక్క నడువాలె. దాక్కొని దాక్కొని ఈడిదాక వచ్చిన పిల్ల, మళ్ల దాక్కోవాలె. ఇద్రిస్ అద్దాలు తీసిండు.

"బాపు, నిన్నటి ఊరు లేనోన్ని నేనే. దేశం ఇడిచి వచ్చిన శరణార్థిని. ఇష్టముంటేనే ఇయ్యి."

జైపాల్ మైకు ఆపి బండ్ల ఎనక దాక్కున్నడు. అంజిలయ్య అటిటు చూసి ఇద్రిస్ చెవుల నోరు వెట్టిండు.

"సమజైంది సేటు. ఇన్కమ్‌టాక్సోళ్లు వచ్చిండ్రా? నేనెవ్వలకు చెప్ప."

"నిజమే చెప్తున్న బాపు. మాకు ఇల్లు లేదు."

"అవ్, అవ్. మా దోస్తు జంగా గూడ గంతే. సగం మండలం కొన్నడు, అడిగితే తిననీకి లేదంటడు."

ఇద్రిస్ ఎంత నిజం చెప్తే అంత పెద్ద సేటయిండు. ఆఖరికి చెప్పి చెప్పి నోరు నొచ్చి తాళంచెయ్యి జేబులేసుకున్నడు. పొద్దుగూకే యాల్లకు అన్నాచెల్లెండ్లు సంచులు మోసుకుంట అంజిలయ్య మెట్లెక్కిండ్రు.

మూలమలుపు కాడ పల్లీలమ్మే మారెమ్మ వాళ్లను చూసి, "ఎవరే గీ పిల్లలు?" అని పక్కామెను అడిగింది. దేశమే ఇడిచిపెట్టి వచ్చిండ్రంట అని ఆమె చెప్పింది. మారెమ్మ పల్లీలు చెరుగుడు ఆపి, "అయ్యో పాపం, ఆడ ప్లాట్లన్ని అమ్ముడువోయినట్టున్నయ్" అన్నది.